ఇంజెక్షన్లు మధ్యలో ఆపేసి కషాయం మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా అమ్మకి 63 ఏళ్లు, షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. పోయిన సంక్రాంతి నుంచి ఇప్పటికి నాలుగుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. మొదటి మూడుసార్లూ ఊళ్లో ఆర్ఎంపీ గారిచ్చిన మాత్రలు మూడేసి రోజులు వేసుకుని మంట తగ్గగానే మానేసింది. ఈసారి చలిజ్వరం, నడుం పక్కన పోటు, వాంతులు. టౌన్‌లో ఆస్పత్రిలో రెండ్రోజులు ఉంచుకుని కల్చర్ చేస్తే ఈ.కోలై అనే క్రిమి, ఈఎస్‌బీఎల్ పాజిటివ్, అంటే చాలా మందులకి లొంగని రకం అని వచ్చింది, రిపోర్టు నిండా ఆర్ ఆర్ అనే ఉంది. ఎర్టాపెనెమ్ అనే యాంటీబయాటిక్ రోజుకొకటి చొప్పున ఏడు ఇంజెక్షన్లు చెయ్యాలన్నారు, చేతికి క్యాన్యులా ఉంచి ఇంటికి పంపారు, మా ఊరి నర్సమ్మ వచ్చి చేస్తోంది. మూడయ్యేసరికి జ్వరం పోయింది. ఇప్పుడు మా పెదనాన్నగారు పల్లేరు కాయలు, కొండపిండి, నేలవేము, పిప్పళ్లు, పసుపు, ఇంకేదో వేరు కలిపిన పొడి తెచ్చి, ఇక ఇంజెక్షన్లు ఆపేసి ఇది నలభై రోజులు కాచి పట్టమంటున్నారు. మందులకి లొంగని క్రిమి కూడా పసుపుకి చచ్చిందని ఎవరో పంపిన రీసెర్చ్ పేపర్ కూడా చూపించారు, ఆకు మందుకి క్రిములు ఎప్పటికీ అలవాటు పడవంటారు. నిజమేనా? పోనీ రెండూ కలిపి ఇవ్వొచ్చా? మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి? మాకు రొయ్యల చెరువులున్నాయి, అందులో మందులు వాడతాం, దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: చెల్లీ, అక్కా అని రాశావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చెప్తా. మిగిలిన నాలుగు ఇంజెక్షన్లూ చేయించు, ఒక్కటి కూడా మానొద్దు. ముందే ఆపాలన్నా, వేరే మాత్రకి మార్చాలన్నా ఆ రిపోర్టు చూసిన డాక్టరే చెప్పాలి, పెదనాన్నగారు కాదు, నేనూ కాదు. కషాయం ఇప్పుడు వద్దు, పక్కన కూడా వద్దు. ఈ లోపల మళ్లీ చలి పుట్టినా, వాంతులైనా, యూరిన్ తగ్గిపోయినా, మాట తడబడినా, మనిషి మగతగా ఉండి పిలిస్తే సరిగ్గా పలక్కపోయినా తెల్లారేదాకా చూడకండి, ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లిపోండి. పెద్దవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినప్పుడు కొన్నిసార్లు జ్వరం కూడా ఉండదు, మాట తేడా రావడమే మొదటి గుర్తు.

మూడో ఇంజెక్షన్‌కి జ్వరం పోయింది కదా అంటావు. పోయింది, చాలా సంతోషం, అంటే మందు సరిగ్గా తగిలిందన్నమాట. కానీ నువ్వు రాసిన చలిజ్వరం, నడుం పక్కన పోటు, వాంతులు ఈ మూడూ చూస్తే ఈసారిది కింద మంటతో పోయే ఇన్ఫెక్షన్ కాదు, పైన కిడ్నీ దాకా వెళ్లింది. క్రిముల సంఖ్య తగ్గగానే జ్వరం దిగుతుంది, అంతమాత్రాన క్రిములన్నీ పోయినట్టు కాదు. కిడ్నీలో మిగిలిపోయిన కాసిని మళ్లీ పెరిగితే ఈ ఇంజెక్షన్ తర్వాత వాడటానికి మిగిలిన మందులు చాలా తక్కువ చెల్లీ. ఎర్టాపెనెమ్ కార్బాపెనెమ్ అనే జాతి మందు, మామూలు మాత్రలన్నీ ఓడిపోయాక తీసేది. ఆ రిపోర్టులో ఎస్ అంటే మందు పనిచేస్తుందని, ఆర్ అంటే పనిచెయ్యదని. అమ్మ రిపోర్టులో దాని ఎదురుగా ఇంకా ఎస్ అని ఉండటం అదృష్టం.

నేను ఇరవై నాలుగేళ్లు ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేశాను, ఆ ఆర్‌లు ఎస్‌లు రాసే పనే నాది. అమ్మ యూరిన్ వచ్చినప్పుడు ల్యాబ్‌లో ఏం చేస్తారో ఒకసారి చెప్తాను, పెదనాన్నగారి పేపర్ సంగతి అప్పుడు సులువుగా అర్థమవుతుంది. ముందు వైరుతీగ చివర చిన్న రింగుతో ఒక బొట్టు తీసి ప్లేటు మీద గీస్తాం, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచితే పొద్దునకి ఈ.కోలై గులాబీ రంగు చుక్కలుగా లేస్తుంది. అందులో ఒక చుక్క తీసి సెలైన్‌లో కలిపి, దూదిపుల్లతో ఇంకో ప్లేటు మొత్తం వాకిలి అలికినట్టు అలికి, దాని మీద మందు తాపిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం, ఒక్కో బిళ్లలో ఒక్కో యాంటీబయాటిక్. మర్నాడు చూస్తే మందు పనిచేసే బిళ్ల చుట్టూ క్రిమి పెరగని గుండ్రటి ఖాళీ ఉంటుంది, పనిచెయ్యని బిళ్లని ఆనుకుని మరీ పెరిగేస్తుంది. ఆ ఖాళీని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి పట్టికతో పోల్చి ఎస్ అనో ఆర్ అనో రాస్తాం.

ల్యాబ్‌లో మాకు మనుషుల మొహాలు కనపడవు, సీసా మీద పేరే కనపడుతుంది. కానీ రిజిస్టర్ తిరగేస్తుంటే కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకావిడ పేరు మార్చిలో వచ్చింది, రెండు ఆర్‌లు. జులైలో వచ్చింది, అయిదు. నవంబర్‌లో వచ్చినప్పుడు నేను స్కేలు పట్టుకుని కొలుద్దామంటే ప్లేటు మీద కొలవడానికి రెండే ఖాళీలున్నాయి. మధ్యలో ఆవిడ ఏ మాత్రలు ఎన్ని రోజులు వేసుకుందో నాకు తెలీదు, కానీ మూడు రోజుల మాత్రలు, మంట తగ్గగానే ఆపడం, కల్చర్ లేకుండా మళ్లీ ఇంకో రకం అని నువ్వు రాసింది చదవగానే నాకా రిజిస్టరే గుర్తొచ్చింది. నిన్ను తప్పు పట్టడం లేదమ్మా, ఊళ్లో అందరూ చేసేదే, మీకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇప్పుడు ఆ పసుపు పేపర్. నువ్వు రాసినదాన్ని బట్టి అది ఎంఆర్‌ఎస్‌ఏ అనే క్రిమి, అంటే స్టాఫ్ అనే క్రిమిలో మందులకి లొంగని రకం, దాని మీద చేసింది అయ్యుంటుంది, పసుపు మీద వచ్చే ఇలాంటి పేపర్లలో ఎక్కువ వాటి మీదే. అవి అబద్ధం కాదు, పసుపులో ఉండే కర్క్యుమిన్ ఆ క్రిమి పెరగకుండా నిజంగానే ఆపుతుంది. కాకపోతే ఎంత మోతాదులో అన్నదే అసలు సంగతి. ల్యాబ్‌లో మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల పైన పోస్తే ఆగుతుంది. మనిషికి రోజుకి 8 గ్రాముల శుద్ధమైన కర్క్యుమిన్ మింగించి చూసినా రక్తంలో మిల్లీలీటరుకి ఒక్క మైక్రోగ్రాము కూడా దాటలేదు. 8 గ్రాముల కర్క్యుమిన్ అంటే ఎంతో తెలుసా, పసుపులో అది ఉండేది నూటికి మూడు వంతుల చుట్టుపక్కల, అంటే పావుకిలో పైన పసుపు ఒక్కరోజులో తినాలి. అంత తిన్నా పేగు లోపలికి పీల్చుకునేది కొంచెం, పీల్చుకున్నదాన్ని కూడా లివర్ వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. ప్లేటు మీదైతే పేగూ లేదు లివరూ లేదు, పోసిందంతా క్రిమి నెత్తిన పడుతుంది. మరి యాంటీబయాటిక్ సంగతి అంటే, దాన్ని మందుగా ఒప్పుకునే ముందే మింగితే రక్తంలోకి, యూరిన్‌లోకి ఎంత చేరుతుంది, ఎన్ని గంటలుంటుంది అన్నది మనుషుల్లో కొలిచి, ఆ కొలతకి క్రిమి చస్తేనే ఎస్ అని రాస్తాం. ఆకుకి ఆ కొలత ఎవరూ పెట్టలేదు.

ఇంకోటి, అమ్మకున్నది ఎంఆర్‌ఎస్‌ఏ కాదు, ఈ.కోలై. రెండూ మందులకి లొంగని క్రిములే అయినా ఒంటి కట్టుబడి వేరు. ఎంఆర్‌ఎస్‌ఏకి ఒకటే మందపాటి గోడ, అది కొంచెం జల్లెడలాంటిది, చాలా పదార్థాలు దూరతాయి. ఈ.కోలైకి ఆ గోడ బయట ఇంకో కొవ్వు పొర ఉంటుంది, అది చాలా పదార్థాల్ని లోపలికి రానివ్వదు, ఎలాగో దూరినవాటిని కూడా పట్టుకుని బయటికి తోసేసే పంపులుంటాయి. మొక్కల్లో దొరికే పదార్థాల్లో చాలావరకు మొదటి రకం క్రిముల మీద ఎంతో కొంత పనిచేసి ఈ రెండో రకం దగ్గర ఆగిపోయేది అందుకే.

దీన్ని నేను కళ్లారా చూశాను. ఒక ఏడాది డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు కోసం మా ల్యాబ్‌కి వచ్చారు, పసుపు, వేపాకు, తులసి, వెల్లుల్లి తెచ్చుకున్నారు. వేపాకు, తులసి నీళ్లలో కాచిన కషాయం బిళ్లల చుట్టూ ఏ ప్లేటులోనూ ఖాళీ రాలేదు. పసుపుని స్పిరిట్‌లో నానబెట్టి తీసినదానికి స్టాఫ్ ప్లేటులో చిన్న ఖాళీ వచ్చింది, పిల్లలు ఎగిరి గంతేశారు, ఫోటోలు తీసుకున్నారు. పక్కనే ఉత్త స్పిరిట్ తాపిన బిళ్ల ఒకటి పెట్టించాను, దాని చుట్టూ కూడా ఇంచుమించు అంతే ఖాళీ ఉంది, ఆరకుండా పెట్టేశారు మరి. బాగా ఆరబెట్టి మళ్లీ చేస్తే పసుపు ఖాళీ సన్నగా మిగిలింది. ఈ.కోలై ప్లేటులో మాత్రం పచ్చటి బిళ్ల అంచు దాకా క్రిమి పెరిగి ఉంది. అప్పుడే దంచిన పచ్చి వెల్లుల్లి ఒక్కటే రెండు ప్లేట్లలోనూ ఖాళీ చూపించింది, దాన్నే పది నిమిషాలు మరిగించి పెడితే ఏమీ లేదు. వెల్లుల్లిలో ఆ పనిచేసే పదార్థం అల్లిసిన్, దంచినప్పుడే పుడుతుంది, వేడి తగిలితే నిలవదు, మింగితే ఒంట్లోనూ అలాగే నిలవదు. ఆ పిల్లల రిపోర్టులో ఇవన్నీ రాయించాను.

క్రిములు ఆకు మందుకి అలవాటు పడవన్న మాట మాత్రం నిజం కాదు. మానుపసుపు జాతి మొక్కల్లో బెర్బెరిన్ అని పచ్చటి చేదు పదార్థం ఉంటుంది, అది క్రిముల్ని చంపగలదు, కానీ స్టాఫ్ క్రిమి దగ్గర దాన్ని బయటికి తోడేసే పంపు ముందే ఉంది, ఎన్ని యుగాలుగా మొక్కలతో కలిసి బతుకుతున్నాయి అవి, నేర్చుకోకుండా ఉంటాయా. మలేరియాకి చూడు, చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్య గ్రంథంలో మాట పట్టుకుని ఒక మాచిపత్రి జాతి మొక్క నుంచి ఆర్టెమిసినిన్ తీశారు, మరిగిస్తే గుణం పోతోందని తెలుసుకుని తక్కువ వేడిలో ఈథర్‌తో తీసి చూపించారు, 2015లో నోబెల్ వచ్చింది, ఎన్ని లక్షల ప్రాణాలు నిలబెట్టిందో లెక్కలేదు. ఆ మందుకీ కంబోడియా వైపు మలేరియా క్రిమి లొంగకుండా తయారైంది. అది బాక్టీరియా కాదనుకో, కానీ సూత్రం ఒకటే. చెట్టు నుంచి వచ్చిందా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది క్రిమికి తెలీదు, చాలీచాలని మోతాదు దొరికితే చాలు దానికి.

ఇదంతా చదివి నాకు మొక్కల మీద నమ్మకం లేదనుకోకు. నాకు చాలా ఆశ ఉంది, అదెక్కడుందో చెప్తాను. అదే బెర్బెరిన్ ఉండే మొక్కల్లో, అమెరికాలో పెరిగే రకాల్లో, ఇంకో పదార్థం దొరికింది, దానంతటది క్రిమిని ఏమీ చెయ్యదు, కానీ ఆ పంపుని ఆపేస్తుంది. పంపు ఆగితే బెర్బెరిన్ లోపల నిలుస్తుంది, క్రిమి చస్తుంది. 2000లో ఈ సంగతి బయటపెట్టినప్పుడు మా ల్యాబ్‌లో మేము దాని గురించి వారం రోజులు మాట్లాడుకున్నాం. మొక్క ఒక్క ఆయుధంతో కాదు, చంపేదొకటి తలుపు తీసిపెట్టేదొకటి అని జంటగా దాచుకుంది. అమ్మ రిపోర్టులో ఈఎస్‌బీఎల్ తేల్చేది కూడా ఇలాంటి జంటతోనే. ఆ క్రిమి మందుని కత్తిరించేసే ఎంజైమ్ తయారుచేస్తుంది, మేము మందు బిళ్ల పక్కన క్లావులనిక్ యాసిడ్ ఉన్న బిళ్ల పెడతాం, అది ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, దాంతో అటువైపు మాత్రం ఖాళీ తాళంచెవి కన్నంలా సాగుతుంది. ఆ ఆకారం కనపడితే ఈఎస్‌బీఎల్ అని రాసేస్తాం.

మీ పొడిలో పిప్పళ్లున్నాయన్నావే, పిప్పళ్లలో మిరియాల్లో ఉండే పైపరిన్ కూడా ఆ తలుపు తీసే రకమే. స్టాఫ్ పంపుని అది ఆపగలదని జమ్మూలోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో చూపించారు. మన దేశంలోనే టీబీకి రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాముల బదులు 200 పెట్టి, తోడు 10 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపి తయారుచేసిన మాత్ర కూడా వచ్చింది, పైపరిన్ ఉంటే ఆ మందు రక్తంలోకి ఎక్కువ చేరుతుంది కాబట్టి తక్కువతో సరిపోతుందని. చూశావా, శుద్ధి చేసిన పదార్థం, మిల్లీగ్రాముల్లో కొలత, పక్కన అసలు మందు, మనుషుల మీద పరీక్ష. మొక్కల నుంచి రావాల్సింది ఇలా వస్తుందని నేను నమ్ముతాను. పొయ్యి మీద గ్లాసుడు నీళ్లు పోసి సగానికి మరిగించి ఇచ్చే పొడిలో ఈరోజు ఎంత ఉందో రేపు ఎంత ఉంటుందో కాచేవాళ్లకి కూడా తెలీదు.

మీది భీమవరం దగ్గర కాబట్టి పెదనాన్నగారికి ఒక మాట గుర్తుచెయ్యి, ఆయనకి తప్పకుండా తెలిసే ఉంటుంది. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టింది భీమవరంలోనే, 1895లో. ఆయనకి స్ప్రూ అనే పేగుల జబ్బు చేస్తే తగ్గించింది ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారు. ఆ గుణం చూసి ఆయన మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు, ఆ మందుల్లో ఏముందో తేల్చాలనుకున్నారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు, తర్వాత ఆయన నడిపించిన ల్యాబ్ నుంచే ఆరియోమైసిన్ వచ్చింది, మనం వాడే టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది, 1948లో బయటికొచ్చింది, ఆ ఏడాదే ఆయన పోయారు. ఆరియోమైసిన్ దొరికింది మొక్కలో కాదు, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవిలో. ఆకుతో నయమైన మనిషే ఆకుని గౌరవిస్తూ, అందులో ఏముంది ఎంతుంది అని అడిగాడు. ఆయుర్వేదాన్ని గౌరవించాలంటే ఆ ప్రశ్న అడగడం కంటే మంచి దారి నాకు కనపడలేదు.

రెండూ కలిపి ఇవ్వొచ్చా అన్నావు. ఇప్పుడు వద్దు అన్నది ఊరికే కాదు. పైపరిన్ టీబీ మందుని పెంచినట్టే వేరే మందుల్ని కూడా రక్తంలో పెంచగలదు, అమ్మ షుగర్‌కి, బీపీకి ఏమేం వేసుకుంటోందో నువ్వు రాయలేదు. నేలవేము షుగర్ తగ్గిస్తుందనే చాలామంది తాగుతారు, జ్వరం పడి లేచిన మనిషి సరిగ్గా తినని రోజుల్లో షుగర్ మాత్రలకి అది తోడైతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. పల్లేరు, కొండపిండి నీరు సాఫీగా పోవడానికి తరతరాలుగా వాడుతున్నారు, నాకు తెలుసు, మా ఇంట్లోనూ వాడారు, కానీ కిడ్నీకి పాకిన ఈఎస్‌బీఎల్ ఇన్ఫెక్షన్‌ని అవి తగ్గించాయని మనుషుల మీద రుజువు లేదు. బోస్టన్‌లో షాపుల్లో అమ్మే 70 రకాల ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయి, 2004లో వచ్చిన సంగతి. లేబుల్ ఉన్నవాటికే అలా ఉంటే, కాగితం పొట్లంలో వచ్చినదాని గురించి ఏం చెప్పగలం.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది నువ్వు రాసిన "ఇంకేదో వేరు". అది ఈశ్వరి వేరు గానీ, గాడిదగడపాకు గానీ అయితే ఇన్ఫెక్షన్ సంగతి పక్కన పెట్టు, ఎవరూ ఎందుకూ తాగకూడదు. ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ యాసిడ్ ఉంటుంది, అది కిడ్నీల్ని మళ్లీ కోలుకోకుండా పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల మందులో ఒక వేరు బదులు పొరపాటున ఈ జాతి వేరు కలిసింది, వందమందికి పైగా ఆడవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వేర్లు ఎండి పొడి అయ్యాక ఏది ఏదో చూసి పోల్చలేం, పెదనాన్నగారు మంచి మనసుతోనే తెచ్చారు, కానీ ఆయనకి ఇచ్చినవాళ్లకి తెలుసా అన్నది ప్రశ్న.

ఆకు మందుతో యూరిన్ ఇన్ఫెక్షన్ తగ్గుతుందా అన్నది ఊరికే వాదించుకోకుండా జర్మనీలో సరిగ్గా పరీక్షించారు. అక్కడ బేర్‌బెర్రీ అనే ఆకు దీనికి చాలాకాలంగా వాడతారు, మనకి పల్లేరు ఎలాగో వాళ్లకది అలాగ. కిడ్నీ దాకా పోని, మామూలు మంట ఉన్న దాదాపు 400 మంది ఆడవాళ్లని తీసుకుని సగం మందికి ఆ ఆకు, సగం మందికి ఫాస్ఫోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆకు వాడినవాళ్లలో చాలామందికి యాంటీబయాటిక్ అవసరమే పడలేదు, అది చిన్న విషయం కాదు. కానీ వాళ్లు బాధ ఎక్కువ పడ్డారు, కిడ్నీకి పాకిన కేసులు ఆకు వైపు 8, మందు వైపు 2. వాళ్లకి మామూలు ఇన్ఫెక్షన్ మాత్రమే, అమ్మకి ఇప్పటికే పాకేసింది.

ఇక మళ్లీ రాకుండా. ఇక్కడ మాత్రం చెయ్యగలిగింది చాలా ఉంది. ఏడు ఇంజెక్షన్లయ్యి అమ్మ కులాసాగా ఉంటే, మంట, జ్వరం ఏమీ లేకపోతే ఊరికే క్రిమి పోయిందో లేదో చూద్దామని మళ్లీ కల్చర్ చేయించకు. పెద్దవయసు ఆడవాళ్లలో ఏ బాధా లేకుండా యూరిన్‌లో క్రిములుండటం మామూలు, షుగర్ ఉన్నవాళ్లలో మరీను, దానికి మందు వాడితే లాభం లేకపోగా ఇంకాస్త ముదిరిన క్రిమిని పెంచినట్టవుతుంది. బాధ మొదలైతే మాత్రం మాత్ర వేసే ముందే శాంపిల్ ఇవ్వాలి, ఒక్క మాత్ర పడ్డా మా ప్లేటు మీద సరిగ్గా పెరగదు. కడుక్కుని, మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టి, రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి, మీ ఊరి నుంచి అంతలోపు కుదరకపోతే సీసాని ఫ్రిజ్‌లో పెట్టి తీసుకెళ్లండి, ఎండలో బండి డిక్కీలో గంటసేపు ఉన్న సీసాలో పెరిగింది అమ్మ ఒంట్లోదో దారిలో పెరిగిందో మాకు తెలీదు. కింద మంట వరకే ఉన్న ఈఎస్‌బీఎల్‌కి చాలాసార్లు ఇంజెక్షన్ అక్కర్లేదు, నైట్రోఫ్యూరంటోయిన్, ఫాస్ఫోమైసిన్ లాంటి నోటి మందులు పనిచేస్తాయి, రిపోర్టులో వాటి ఎదురుగా ఏముందో డాక్టర్‌ని అడుగు.

నెలసరి ఆగిపోయినవాళ్లలో ఇది మళ్లీ మళ్లీ రావడానికి పెద్ద కారణం అక్కడి చర్మం పలచబడి మంచి క్రిములు పోవడం, దానికి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది, బాగా పనిచేస్తుంది, సిగ్గుపడి ఎవరూ అడగరు, మీరు గైనిక్ డాక్టర్ దగ్గరికెళ్లి అడగండి. మెథెనమిన్ అనే పాత మాత్ర ఒకటి ఉంది, యాంటీబయాటిక్ కాదు, రోజూ వేసుకునే చిన్న డోసు యాంటీబయాటిక్‌కి దీటుగా పనిచేసిందని 2022లో బ్రిటన్‌లో తేలింది, అమ్మ కిడ్నీ లివర్ టెస్టులు చూసి సరిపోతుందో లేదో డాక్టర్ చెప్తారు. షుగర్ అదుపులో లేకపోతే ఇవేవీ నిలవవు. షుగర్ మాత్రల్లో చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చేవి యూరిన్‌లోకి షుగర్ వదులుతాయి, వాటితో కింద ఫంగస్ దురదలు వస్తుంటాయి, అమ్మ వేసుకునేది అదే అయితే ఆ మాట కూడా చెప్పండి. మలబద్ధకం ఉండనివ్వకండి, యూరిన్ ఆపుకోవద్దని చెప్పు, పెళ్లిళ్లకి ప్రయాణాలకి వెళ్లినప్పుడు బాత్రూమ్ ఉండదని నీళ్లు తాగడం మానేస్తారు మనవాళ్లు, అక్కడే మొదలవుతుంది. గుండెకి, కిడ్నీకి ఇబ్బంది లేదని డాక్టర్ అంటే నీళ్లు బాగా తాగించు, బార్లీ జావ పలచగా మజ్జిగ కలిపి ఇవ్వు, అది మందు అని కాదు, నీళ్లు లోపలికి పోతాయని.

మొక్కల్లో ఈ విషయంలో ఎక్కువమంది మీద పరీక్షకి నిలబడింది క్రాన్‌బెర్రీ. పదేపదే వచ్చే ఆడవాళ్లలో మళ్లీ రావడాన్ని పావువంతు దాకా తగ్గిస్తుందని 2023లో పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది, వచ్చినదాన్ని తగ్గించడానికి మాత్రం కాదు. జ్యూస్ వద్దు, చక్కెర ఉంటుంది, డాక్టర్‌ని అడిగి మాత్రలైతే సరే. మన వాక్కాయని ఇండియన్ క్రాన్‌బెర్రీ అని ప్యాకెట్ల మీద రాసి అమ్ముతున్నారు, అది వేరే చెట్టు, పప్పులోకి, పచ్చడికి చాలా బాగుంటుంది, దీనికి పనికిరాదు. తర్వాతెప్పుడైనా అమ్మకి ఆయుర్వేదం మీద మనసుంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టర్ దగ్గరికి ఈ ఫైలంతా పట్టుకెళ్లండి, రెండు వైపుల డాక్టర్లకీ రెండో వైపు మందులేంటో తెలియాలి.

చెరువుల సంగతి అడిగినందుకు నాకు చాలా సంతోషమేసింది, ఎవరూ అడగరు. అమ్మ క్రిమి మీ చెరువు నుంచే వచ్చిందని నేను చెప్పలేను, ఆ మూడుసార్ల మాత్రలే చాలు దానికి. కానీ నీళ్లలో కలిసిన మందు నీళ్లలో క్రిముల్ని రాటుదేలుస్తుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధి చేసి వదిలిన నీళ్లని స్వీడన్ వాళ్లు పరీక్షించి 2007లో లెక్క బయటపెట్టారు, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది, ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. మీ రొయ్యలకి తెల్లమచ్చ వస్తే అది వైరస్, యాంటీబయాటిక్ ఎంత పోసినా పైసా లాభం లేదు, ఈహెచ్‌పీ అనేది ఫంగస్ లాంటి పరాన్నజీవి, దానికీ యాంటీబయాటిక్ పనిచెయ్యదు. కొలిస్టిన్ అనే మందుని మేతల్లో, చెరువుల్లో వాడకూడదని 2019లోనే కేంద్రం నిషేధించింది, ఎందుకంటే ఎర్టాపెనెమ్ లాంటివి కూడా పనిచెయ్యని మనిషికి ఆస్పత్రిలో చివరగా ఎక్కించేది అదే. మీ షాపాయన ఇచ్చే డబ్బాల మీద ఏం రాసుందో మీ ఇంటాయన్ని ఒకసారి ఫోటో తియ్యమను, పేరు లేని డబ్బా అయితే అసలు కొనొద్దను.

ఇప్పుడు పని ఇది. నర్సమ్మ వచ్చే టైమ్‌కి క్యాన్యులా చుట్టూ ఎర్రబడిందా, వాచిందా చూస్తుండు, ఉంటే మార్పించు. ఏడోది అయ్యాక రిపోర్టు జిరాక్స్ తీయించి ఒకటి అమ్మ సంచిలో పెట్టు, ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు అదే చూపించాలి. పెదనాన్నగారికి ఇదంతా చదివి వినిపించు, ఆయన మీద కోప్పడకు, ఆ పొడిలో ఏమేం కలిశాయో ఒక్కో పేరూ కాగితం మీద రాయించి నాకు పంపు, ఆ వేరు పేరు మాత్రం ముందు పంపు.